నలుసు

నేమునస్ నది గడ్డకట్టిన వారం
కౌనస్‌లోని మా ప్రెస్సుకి క్యాలెండర్ పని వచ్చింది.
పన్నెండు నెలలకి పన్నెండు ఆకాశాలు.
అంతరిక్షంలో ఉన్న టెలిస్కోపు తీసిన ఫొటోలట.
నాలుగు వేల కాపీలు. శుక్రవారానికల్లా కావాలట.

అంత దూరం నుంచి ఫొటో ఎలా వస్తుందో నాకు తెలీదు.
నాకు తెలిసినవి నాలుగు సిరాలు.
ఒక్క నలుపుతో రాత్రి రాదు,
పొయ్యిలో బూడిదలా పాలిపోతుంది.
కింద సయాన్ పరవాలి, మెజెంటా తగిలించాలి,
పసుపు ఉందా లేదా అన్నట్టుండాలి,
అప్పుడు గానీ చీకటి లోతెక్కదు.

ప్రూఫు దాంగ్వోలె చూసింది.
ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆమె పని దుమ్ము పట్టుకోవడం.
భూతద్దం కంటికి ఆనించి, ఊపిరి బిగబట్టి,
దగ్గుమందు డబ్బాల మీద, ఎన్నికల కరపత్రాల మీద,
ఎవరిదో పెళ్ళి శుభలేఖలో పెళ్ళికూతురి పేరు మీద.
నలుసు కనబడితే చుట్టూ ఎర్ర పెన్సిల్‌తో సున్నా.
ఇక మెషీను ఆపాల్సిందే.

మార్చి పేజీ మీద నలభై మూడు సున్నాలు చుట్టింది.
"ఈ ప్లేటు తుడిచిన మహానుభావుడెవరు?"
నేనే. రెండుసార్లు తుడిచాను.

మళ్ళీ తుడిచాను. రోలర్లు కడిగాను. మళ్ళీ తీశాం.
నలభై మూడూ వెంట్రుకవాసి కదలకుండా
ఎక్కడివక్కడే ఉన్నాయి.
దుమ్ముకి అంత నిలకడ ఉండదు.

యజమాని రిమ్విదస్ ఫోన్ చేశాడు.
అవతలి గొంతు నవ్వడం నాకూ వినబడింది.
అవి దుమ్ము కావు.
ఒక్కొక్కటీ ఒక గెలాక్సీ.

దాంగ్వోలె స్టూలు మీద కూలబడింది.
చేతిలో రై రొట్టె ముక్క, తినాలన్న ధ్యాస లేదు.
"నలభై మూడు," అంది,
"నలభై మూడింటికి సున్నా చుట్టాను."

తరవాత మళ్ళీ భూతద్దం తీసింది.
ఇన్నేళ్ళలో మొదటిసారి, తప్పు వెతకడానికి కాకుండా.
నాకూ ఇచ్చింది.
అద్దం కింద గెలాక్సీ లేదు.
నీలం చుక్క, గులాబి చుక్క, మధ్యలో ఖాళీ.
తల పైకెత్తితే మళ్ళీ సుడి తిరుగుతూ ఉంది.
అక్కడిదాకా వెళ్ళగలిగినా ఇంతేనేమో,
చుక్కలూ, ఖాళీ.

ఇంకొకటి కూడా చూశాను. ఎవరికీ చెప్పలేదు.
ఆరు ముళ్ళతో మెరుస్తున్న ఆ పెద్ద నక్షత్రం దగ్గర
మేము ఏ పనీ చెయ్యలేదు.
అక్కడ సిరా పడలేదు.
ఆ వెలుగంతా మేము ముట్టుకోకుండా వదిలేసిన కాగితం.

దాంగుస్ అంటే మా భాషలో ఆకాశం.
ఆమె పేరు అందులోంచే పుట్టింది.
"అరవై ఏళ్ళుగా ఆకాశాన్ని పిలిచి
టీ పెట్టమంటున్నారు," అంటూ
కళ్ళు తుడుచుకుంది. నవ్వో ఏమో.
కంట్లో నలుసు పడిందంది.

గురువారం రాత్రి, మూడువేల ఎనిమిదొందలు దాటాక
మార్చి ఆకాశంలో నలభై నాలుగోది పుట్టింది,
కింద ఎడమ మూల, ఆవగింజంత, తెల్లగా.
నేను నా చేతులు చూసుకున్నాను.
ఉన్ని గ్లవ్వు ఒక వేలి దగ్గర పోగులు లేచి ఉంది.

దాంగ్వోలె చూసింది. ఆమె చూడనిదేముంది?
ఎర్ర పెన్సిల్ కాగితం దాకా వెళ్ళింది,
ఆగింది,
చెవి వెనక్కి వెళ్ళిపోయింది.
"ఉండనీ," అంది. "నడుపు."

ఇప్పుడు షౌలై ఊళ్ళోనో, అలీతస్ లోనో
ఏ వంటింటి గోడకో వేలాడుతూ ఉంటుంది.
బీట్‌రూట్ సూప్ కలుపుతూ ఎవరో
గరిటె ఆపి, దానివైపే చూస్తూ
ఎన్ని కోట్ల ఏళ్ళ కింద బయల్దేరిందో ఈ వెలుగు అని
ఆశ్చర్యపోతూ ఉంటారు.

బయల్దేరింది గురువారం, పదకొండున్నరకి,
నా ఎడమ చేతి గ్లవ్వు నుంచి.